నల్లకోటు లేని వకీళ్లు

1999 జులై 7న టోగో రాజధాని లోమేలో ఒక శాంతి ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. ఒకవైపు సియెర్రా లియోన్ ప్రభుత్వం, మరోవైపు ఎనిమిదేళ్లుగా దానితో పోరాడుతున్న తిరుగుబాటు దళం ఆర్‌యూఎఫ్. ఒప్పందంలోని తొమ్మిదో అధికరణం ప్రకారం యుద్ధంలో ఎవరేం చేసినా అందరికీ క్షమాభిక్షే. ఆర్‌యూఎఫ్ నాయకుడు ఫోడే శాంకోకి ఉపాధ్యక్షుడి హోదా దక్కింది. వజ్రాలతో సహా దేశపు ఖనిజ సంపదను చూసుకునే కమిషన్‌కి ఆయనే అధ్యక్షుడు. దొంగ చేతికే తాళాలు అప్పజెప్పారన్నమాట. ఐక్యరాజ్యసమితి తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ ఒకెలో మాత్రం సంతకం పక్కనే చేత్తో ఒక మాట చేర్చారు. జాతి హననానికి, మానవాళిపై నేరాలకు, యుద్ధ నేరాలకు ఈ క్షమాభిక్ష వర్తిస్తుందని ఐక్యరాజ్యసమితి ఒప్పుకోదని ఆ చేతిరాత సారాంశం.

తర్వాత సియెర్రా లియోన్ ప్రత్యేక కోర్టు నిలబడింది ఆ వాదన మీదే. లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కి యాభై ఏళ్ల శిక్ష వేసిన కోర్టు అది. 2010లో మోడల్ నవోమీ క్యాంప్‌బెల్ వజ్రాల గురించి సాక్ష్యం చెప్పడంతో ప్రపంచమంతా పేపర్లలో పతాక శీర్షికలకెక్కింది కూడా ఆ కేసే. అందుకే యుద్ధం తర్వాతి న్యాయం అంటే చాలామందికి ఆ కోర్టే గుర్తుకొస్తుంది. కానీ అదే దేశంలో, దాదాపు అవే రోజుల్లో, కెమెరాలు వెళ్లని పల్లెల్లో ఇంకో ఏర్పాటు పుట్టింది. నల్లకోటు, లా డిగ్రీ లేని ఊరి మనుషులే పేదల తరఫున చట్టం మాట్లాడే ఏర్పాటది. పెద్ద కోర్టు కొన్నేళ్లకు మూతపడింది. ఈ చిన్న ఏర్పాటు చట్టంలో చోటు సంపాదించుకుని ఇప్పటికీ నడుస్తోంది. దాని అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే యుద్ధం కంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఒక దేశం, రెండు చట్టాలు

విముక్తి పొందిన బానిసల కోసం 18వ శతాబ్దం చివర్లో కట్టిన ఊరు ఫ్రీటౌన్. 1808లో అది బ్రిటిష్ రాజు వలస అయింది. దాని వెనకున్న విశాలమైన లోతట్టు ప్రాంతాన్ని బ్రిటిష్‌వాళ్లు 1896లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఫ్రీటౌన్‌లో ఇంగ్లండు చట్టం, కోర్టులు, వకీళ్లు. లోతట్టులో చీఫులు, వాళ్ల ఆచార చట్టం. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం పుట్టిన ఊరి వెనకాలే, లోతట్టులో ఇళ్లలో బానిసల్ని పెట్టుకోవడం 1928 దాకా చట్టబద్ధంగా సాగింది. రెంటి మధ్య గోడ ఎంత మందంగా ఉండేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

1961లో స్వాతంత్ర్యం వచ్చినా ఆ గోడ పడిపోలేదు. యుద్ధం నాటికి లోతట్టు అంతా 149 చీఫ్‌డమ్‌లు. ఒక్కోదానికీ ఒక పెద్ద చీఫ్ ఉంటాడు. పాలక కుటుంబాల్లోంచి ఎన్నికవుతాడు, ఒకసారి ఎన్నికైతే జీవితాంతం ఆయనే. భూమి తగాదా, పెళ్లి, అప్పు, వారసత్వం వంటివన్నీ లోకల్ కోర్టుల్లో ఆచారాన్ని బట్టి తేలేవి. ఆ కోర్టుల్లో వకీళ్లు వాదించడానికే వీల్లేదు. చట్టం ప్రకారం జరిమానా వేసే అధికారం లోకల్ కోర్టుది, చీఫుది కాదు. అయినా చాలాచోట్ల చీఫే తీర్పరి, వసూలుదారు కూడా. పొలం పనికి ఊరి కుర్రాళ్లని ఊరికే పిలిపించుకోవడం, రానివాడికి జరిమానా వేయడం, పరాయివాడి భార్యతో సంబంధం ఉందన్న ఆరోపణ మీద కట్టలేనంత డబ్బు అడగడం. కట్టలేని కుర్రాడికి మిగిలేవి రెండే దారులు. ఏళ్ల తరబడి వెట్టి, లేదంటే ఊరు వదిలిపోవడం.

1991 మార్చి 23న లైబీరియా వైపు నుంచి ఆర్‌యూఎఫ్ సరిహద్దు దాటి కైలాహున్ జిల్లాలో అడుగు పెట్టింది. దాని వెనక టేలర్ ఆయుధాలున్నాయి, కోనో జిల్లా వజ్రాల ఆశ ఉంది. కానీ ఊళ్లు వదిలిన ఆ కుర్రాళ్లు లేకపోతే అది అంత తేలిగ్గా బలం పుంజుకునేది కాదు. మాజీ పోరాటయోధులతో మాట్లాడిన మానవ శాస్త్రవేత్త పాల్ రిచర్డ్స్ వంటివాళ్లు పట్టుబట్టి చెప్పిన సంగతి ఇదే. ఆ యువకుల కోపం మొదట చేరాల్సిన చిరునామా రాజధాని కాదు, సొంత ఊరి చావిడి.

తర్వాతి పదకొండేళ్ల కథ తెలిసిందే. సుమారు 50 వేల మంది చనిపోయారని అంచనా. వేలమంది కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారు. 'పొట్టి చేతులా, పొడుగు చేతులా' అని అడిగి మరీ ముంజేయో, మోచేయో నరికిన సంఘటనలు నమోదయ్యాయి. లోమే ఒప్పందం ఏడాది తిరక్కుండానే చెదిరింది. 2000 మేలో ఆర్‌యూఎఫ్ వందలాది శాంతి సైనికుల్ని బందీలుగా పట్టుకుంది. కైలాహున్‌లో చుట్టుముట్టబడిన భారత సైనికులు ఆ జులైలో ఆపరేషన్ ఖుక్రీతో బయటపడ్డారు. చివరికి 2002 జనవరి 18న అధ్యక్షుడు అహ్మద్ తేజాన్ కబ్బా యుద్ధం ముగిసిందని ప్రకటించారు.

రెండు పెద్ద ఏర్పాట్లు

నేరాలు చేసినవాళ్లందర్నీ బోనెక్కిస్తే జైళ్లు చాలవు, ఎవర్నీ ఎక్కించకపోతే శాంతి నిలవదు. ఈ చిక్కుముడి విప్పడానికి సియెర్రా లియోన్ ఒకేసారి రెండు సంస్థల్ని నిలబెట్టింది. ఒకటి ప్రత్యేక కోర్టు. యుద్ధం ముగిసిందని ప్రకటించడానికి రెండు రోజుల ముందే ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి దానిమీద ఒప్పందం చేసుకున్నాయి. యుగోస్లావియా నేరాల విచారణ హేగ్‌లో, రువాండా నేరాల విచారణ అరూషాలో, అంటే బాధితులకు దూరంగా జరిగాయి. ఇది మాత్రం నేరం జరిగిన గడ్డ మీదే, దేశీ విదేశీ న్యాయమూర్తులతో కలిపి నడిచింది. అన్నిటికంటే ఎక్కువ బాధ్యత మోయాల్సినవాళ్లని మాత్రమే విచారించాలన్నది దాని పరిధి. 13 మంది మీద అభియోగాలు నమోదయ్యాయి. శాంకోతో సహా కొందరు తీర్పు రాకముందే చనిపోయారు, 9 మందికి శిక్షలు పడ్డాయి. టేలర్ విచారణను మాత్రం భద్రతా కారణాలతో హేగ్‌కి మార్చాల్సి వచ్చింది. పిల్లల్ని సైన్యంలో చేర్చుకున్న నేరానికి ఒక అంతర్జాతీయ కోర్టు తొలిసారి శిక్ష వేసింది ఇక్కడే, 2007లో. బలవంతపు పెళ్లిని విడిగా మానవాళిపై నేరంగా గుర్తించిందీ ఈ కోర్టే.

రెండోది బిషప్ జోసెఫ్ హంపర్ అధ్యక్షతన పనిచేసిన సత్య, సయోధ్యల కమిషన్. దాని చేతిలో శిక్ష లేదు. వినడం, రాసుకోవడం, కారణం చెప్పడం దాని పని. 7 వేలకు పైగా వాంగ్మూలాలు సేకరించి, 2003లో బహిరంగ విచారణలు జరిపి, 2004 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. యూనిసెఫ్ సాయంతో పిల్లలు చదువుకోగలిగే రూపంలో కూడా ఆ నివేదికను తెచ్చింది. రెండు సంస్థలూ ఒకే ఊళ్లో, ఒకే సమయంలో పనిచేయడంతో జనానికి అయోమయం తప్పలేదు. కమిషన్ ముందు నిజం చెబితే కోర్టువాళ్లు పట్టుకుపోతారేమోనని భయపడ్డవాళ్లున్నారు.

కమిషన్ తేల్చిన సంగతి సూటిగా ఉంది. యుద్ధానికి మూలం వజ్రాలు కాదు. వజ్రాలు దాన్ని పెంచి పోషించాయంతే. అసలు మూలం దశాబ్దాల అవినీతి, దురాశ, బంధుప్రీతి, దుష్పరిపాలన. యువకులకు ఎక్కడా చోటు లేకపోవడం, రాజధానిలోనే కాక పల్లెల్లో కూడా అధికారానికి అడ్డూ అదుపూ లేకపోవడం.

ఇక్కడొక ప్రశ్న మిగిలిపోయింది. నరికిన చేతులకు కోర్టుంది, చెప్పుకోవడానికి కమిషనుంది. మరి యుద్ధానికి ముందూ ఉన్న, తర్వాతా ఉన్న ఆ చిన్న అన్యాయాల మాటేమిటి? ఊరొదిలిపోయిన కుర్రాడు తిరిగొస్తే అదే చీఫ్, అదే జరిమానా. భర్త పోయిన ఆడమనిషికి అదే గతి. భూమి భర్తవాళ్లదే, కొన్ని ఆచారాల్లో ఆమెను కూడా ఆస్తిలో భాగంగానే లెక్కేసేవాళ్లు. దేశ జనాభా అప్పటికి సుమారు 50 లక్షలు. వకీళ్లు వంద మంది అటూ ఇటూ, వాళ్లలో తొంభై మందికి పైగా ఫ్రీటౌన్‌లోనే. కోర్టుకెళ్లి గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు, ఓడినవాడు అక్కడే ఏడ్చాడు అని మన సామెత. ఇక్కడి పల్లెవాళ్లకు ఏడవడానికి కోర్టు కూడా దగ్గర్లో లేదు.

పదమూడు మందితో మొదలు

2003లో ఓపెన్ సొసైటీ జస్టిస్ ఇనిషియేటివ్, సియెర్రా లియోన్ మానవ హక్కుల సంఘాల జాతీయ వేదిక కలిసి ఒక ప్రయోగానికి డబ్బు, అండ సమకూర్చాయి. దాన్ని నడిపినవాళ్లు ఇద్దరు: అక్కడి న్యాయవాది సిమియన్ కొరోమా, యేల్‌లో లా చదువు ముగించుకుని వచ్చిన భారత సంతతి అమెరికన్ వివేక్ మారు. వకీళ్లని పల్లెలకు పంపడం అయ్యే పని కాదని వాళ్లకు మొదట్లోనే తెలుసు. వెళ్లే వకీలు లేడు, వెళ్లినా లోకల్ కోర్టు గడప దాటనివ్వరు. పైగా ఇంగ్లిషు చట్టం ఒక్కటే తెలిసిన మనిషికి ఆచార చట్టం అయోమయంగా ఉంటుంది.

దారి దక్షిణాఫ్రికాలో కనిపించింది. వర్ణవివక్ష రోజుల్లో నల్లవాళ్లు పాస్ చట్టాల చిక్కుల్లో పడితే ఆదుకోవడానికి అక్కడ సలహా కేంద్రాలు వెలిశాయి. బ్లాక్ సాష్ అనే మహిళా సంఘం నడిపినవి వాటిలో పేరున్నవి. వాటిలో కూర్చుని కాగితాలు చదివిపెట్టి, ఆఫీసులకు తోడు వెళ్లే వకీలు కాని మనిషే పారాలీగల్. కొరోమా, మారు ఆ నమూనాను సియెర్రా లియోన్ రెండు చట్టాల లోకానికి సరిపోయేలా మలిచారు. అక్కడి క్రియో భాషలో లేచి నిలబడు అనే అర్థమొచ్చే టిమాప్ అన్న మాటతో, 'టిమాప్ ఫర్ జస్టిస్' అని సంస్థకు పేరు పెట్టారు. మొదట పదమూడు మంది పారాలీగల్స్‌ని తీసుకున్నారు. వాళ్లది హైస్కూలు చదువు. స్థానిక భాష తెలుసు, ఊళ్లో నలుగురూ ఎరిగున్నవాళ్లు. వాళ్లకు చట్టంలో శిక్షణ ఇచ్చి, పైన వకీళ్ల పర్యవేక్షణ పెట్టారు. ఒక్కో చీఫ్‌డమ్‌లో ఊరి మనుషులతో పర్యవేక్షణ సంఘం కూడా ఏర్పాటు చేశారు. పారాలీగల్ దారి తప్పితే ఎవరికి చెప్పుకోవాలో జనానికి తెలిసేలా.

కేసు ఎలా నడుస్తుంది?

ఈ ఆఫీసులకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదునే తీసుకుందాం. భర్త వేరే ఊళ్లో ఇంకో కాపురం పెట్టాడు, పిల్లల తిండికీ ఫీజుకీ పైసా పంపడు. ఆమె వచ్చి బల్ల ముందు కూర్చుంటుంది. పారాలీగల్ పెద్ద రిజిస్టరు తెరిచి, ఆమె చెప్పింది చెప్పినట్టు తేదీతో రాసుకుంటాడు. తర్వాత అడిగే మొదటి ప్రశ్న, నీకేం కావాలి? అతను జైల్లో పడాలా, కలిసి ఉండాలా, నెలనెలా డబ్బు రావాలా? వకీలైతే చట్టంలో ఏముందో ముందు చూస్తాడు, ఇక్కడ మనిషి కోరికే ముందు. తర్వాత భర్తకు ఉత్తరం పోతుంది. అతను వస్తే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చట్టం ఏం చెబుతోందో ఇద్దరికీ ఒకేలా వివరిస్తారు. కుదిరిన మాట కాగితం మీద పెట్టి, సంతకమో వేలిముద్రో వేయించి, సాక్షుల ముందు చెరొక ప్రతి ఇస్తారు. ఆ నెల డబ్బు అందిందా లేదా అని మళ్లీ విచారిస్తారు. భర్త ఉత్తరాన్ని లెక్కచేయకపోతే మెజిస్ట్రేటు ఉన్నాడు, 2001 నుంచి పోలీసుల్లో ఏర్పాటైన కుటుంబ సహాయ విభాగం ఉంది. అక్కడికి ఆమెతో పాటు నడిచి వెళ్తారు.

ఊరి పెద్దల పంచాయితీ కూడా రాజీయే కుదురుస్తుంది కదా అనిపించవచ్చు. తేడా వెనకున్న బలంలో ఉంది. పెద్దమనిషి ముందు బలహీనురాలికి సర్దుకుపోవడం తప్ప దారి లేదు. పారాలీగల్ వెనక వకీలున్నాడు, వకీలు వెనక హైకోర్టుంది. నిజంగా కోర్టుకెక్కే కేసులు చాలా కొద్ది. కానీ ఎక్కించగలరన్న సంగతి అందరికీ తెలియడం వల్లే మిగతావి బయటే పరిష్కారమవుతాయి. కొట్టడం, అత్యాచారం వంటి నేరాల్లో రాజీ కాదు, కేసే పెట్టించాలన్న గీత కూడా ఉంది.

పోలీసు స్టేషన్లో ఈ పని ఇంకో రకం. దేశ రాజ్యాంగం ప్రకారం మామూలు నేరారోపణ మీద పట్టుకున్నవాణ్ని 72 గంటల్లో, తీవ్రమైన నేరమైతే 10 రోజుల్లో కోర్టు ముందు నిలబెట్టాలి. స్టేషన్ బెయిలుకు డబ్బు కట్టనక్కర్లేదు. ఈ రెండు ముక్కలు తెలియక లాకప్‌లో వారాలు గడిపినవాళ్లు, బెయిలు పేరుతో మేకనో, బియ్యం బస్తానో అమ్ముకున్నవాళ్లు ఎందరో. స్టేషన్‌కి వెళ్లి 'ఇతన్ని ఏ రోజు తెచ్చారు, రిజిస్టరు చూపించండి' అని మర్యాదగా అడిగే మనిషి ఒకడుంటే చాలాసార్లు తలుపు తెరుచుకుంటుంది. కోపంగా అరవక్కర్లేదు. గంటలు లెక్కపెట్టేవాడు ఒకడున్నాడని స్టేషన్లో తెలిస్తే చాలు.

2007లో పార్లమెంటు ఒకేసారి మూడు చట్టాలు తెచ్చింది: గృహహింస మీద ఒకటి, ఆచార వివాహాల నమోదు మీద ఒకటి, వారసత్వం మీద ఒకటి. భార్యకు ఆస్తిలో వాటా వచ్చింది, ఆమెను ఆస్తిగా చూసే ఆచారం నేరమైంది. కానీ ఫ్రీటౌన్‌లో అచ్చయిన గెజిట్ తనంతట తాను కైలాహున్‌కి నడిచి వెళ్లదు. మెండే, టెమ్నే భాషల్లో ఆ వాటా సంగతి ఆడవాళ్లకు చెప్పింది ఎక్కువచోట్ల ఈ పారాలీగల్సే. ఊరంతా కలిసి వచ్చే తగాదాలు కూడా వాళ్ల దగ్గరికి చేరాయి. గని తవ్వకాలతో పాడైన పొలాలు, కంపెనీలకు లీజుకిచ్చిన భూములు. ఇలాంటివాటిలో ఒక్కరి ఫిర్యాదు పనిచేయదు, ఊరిని కూడగట్టాలి. వకీలు ఆ పని చేయడు, చేయలేడు కూడా.

చిక్కులు, చట్టం

ఇదంతా సాఫీగా సాగిందనుకుంటే పొరపాటు. తమ పెత్తనం మీద కన్నేశారని చీఫులు అనుమానించారు. అందుకే పర్యవేక్షణ సంఘాల్లో వాళ్ల ప్రతినిధికి కూడా చోటిచ్చారు. ఊళ్లో పుట్టిన మనిషే పారాలీగల్ కాబట్టి బంధుత్వాలు, మొహమాటాలు తప్పవు. డిగ్రీ లేనివాడు చట్టం మాట్లాడితే వకీళ్ల వృత్తి ఏమవుతుందన్న భయం చాలా దేశాల బార్ సంఘాల్లో ఉంది. అన్నిటికంటే పెద్ద చిక్కు జీతం. దాత సంస్థ ప్రాజెక్టు ముగిస్తే ఆఫీసుకు తాళం పడుతుంది.

అందుకే ఈ పనిని ప్రభుత్వ బాధ్యతగా రాయించాలన్న పట్టుదల పెరిగింది. 2012లో పార్లమెంటు ఆమోదించిన న్యాయ సహాయ చట్టం ప్రతి చీఫ్‌డమ్‌లోనూ కనీసం ఒక పారాలీగల్ ఉండాలంది. పల్లెల్లో పుట్టిన పద్ధతికి దేశ చట్టంలో అధికారిక గుర్తింపు దక్కింది. ఆ చట్టం కింద లీగల్ ఎయిడ్ బోర్డు 2015లో పని మొదలుపెట్టింది. దాని తొలి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ క్లెయిర్ కార్ల్టన్-హాన్సిల్స్. అంతకుముందు ఆమె ప్రత్యేక కోర్టులో ప్రధాన డిఫెండర్. యుద్ధ నేరాల ముద్దాయిలకు సైతం సరైన వాదన దక్కేలా చూసిన మనిషి, ఈసారి మేక దొంగతనం ఆరోపణలో ఇరుక్కున్నవాడికి కూడా వకీలో, పారాలీగలో దొరికేలా చూసే బాధ్యత తీసుకున్నారు. యుద్ధ నేరాల కోర్టుకూ పల్లె న్యాయానికీ మధ్య ఏ సంబంధమూ లేదనుకునేవాళ్లకు ఈ ఒక్క నియామకం చాలు.

అప్పటిదాకా ఒక మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్న లోకల్ కోర్టులు కూడా 2011 చట్టంతో న్యాయవ్యవస్థ కిందికి వచ్చాయి. 2022లో వచ్చిన ఆచార భూహక్కుల చట్టం, భూమి కంపెనీకి ఇవ్వాలంటే ఆ కుటుంబాల సమ్మతి తప్పనిసరి చేసింది, ఆడవాళ్లకు సమాన హక్కు ఇచ్చింది. లీజు తగాదాల్లో పారాలీగల్స్ ఏళ్ల తరబడి ఎదుర్కొన్న చిక్కులే ఆ చట్టానికి ముడిసరుకు.

సరిహద్దులు దాటి

పక్కనే ఇంకో అంతర్యుద్ధం నుంచి బయటపడ్డ లైబీరియాలో కార్టర్ సెంటర్ 2007 నుంచి ఇలాంటి సలహాదారుల్ని పల్లెలకు పంపింది. మారు 2011లో నమతి అనే సంస్థ పెట్టి ఈ పద్ధతిని ఇతర దేశాలకు తీసుకెళ్లారు. మనకూ ఇది మరీ కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి భూమి పారాలీగల్స్‌గా పెట్టింది. పేదల పేరు పహాణీలో ఎందుకు లేదో, పట్టా ఉన్నా పొలం ఎవరి చేతిలో ఉందో వెతికి, తహసీల్దారు ఆఫీసు దాకా నడిపించడం వాళ్ల పని. జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. ఆ భూమి పారాలీగల్స్‌కు యుద్ధంతో సంబంధం లేదు, అయినా రెండు చోట్లా జబ్బు ఒక్కటే. చట్టం పుస్తకంలో ఉంటుంది, మనిషి ఊళ్లో ఉంటాడు, మధ్యలో దారి లేదు.

ఖర్చుల లెక్క కూడా చూడాలి. 13 మంది మీద అభియోగాలు మోపిన ప్రత్యేక కోర్టు ఖర్చు 20 కోట్ల డాలర్లు దాటింది. కమిషన్ సిఫార్సు మీద 2008 తర్వాత మొదలైన నష్టపరిహార పథకంలో 30 వేల మందికి పైగా బాధితులు పేరు నమోదు చేసుకుంటే, చాలామందికి తొలి విడతగా దక్కింది సుమారు వంద డాలర్లు. కోర్టు వృథా అనలేం. టేలర్ లాంటివాడు శిక్ష పడకుండా తిరుగుతుంటే ఏ పల్లెలోనూ చట్టం మాటకు విలువ ఉండేది కాదు. కానీ యుద్ధానికి కారణం ఏమిటో కమిషన్ చెప్పాక, మందు ఎక్కడ వేయాలో కూడా తెలిసిపోయింది. ఆ మందు ఖరీదు ఎక్కువేం కాదు. ఒక మనిషి జీతం, ఒక గది, ఒక రిజిస్టరు, పైన ఒక వకీలు. దాతలు దాన్ని ఏళ్ల తరబడి ప్రాజెక్టుగానే చూశారు, ప్రభుత్వం ఆలస్యంగా చట్టంలో రాసింది. కాకపోతే చట్టంలో రాసినంత మాత్రాన జీతం అందదు, ఏటా బడ్జెట్‌లో పద్దు పడాలి. యుద్ధం ముగిసిన దేశం మళ్లీ యుద్ధంలోకి జారకుండా ఉండాలంటే ముందు చూడాల్సింది ఆ పద్దే.